వంకర హద్దుల పొలముల విస్తీర్ణము కనుగొను విధము

తూర్పున ఎవరి పొలము, పడమట ఏ వాగు, ఉత్తరమున ఏ బాట, దక్షిణమున ఏ గట్టు అని యడిగినచో తడుముకొనక చెప్పని పట్టాదారు లేడు. కాని ఆ నాలుగు హద్దుల నడుమనున్న భూమి ఎన్ని ఎకరముల ఎన్ని గుంటలు, ఆ లెక్క ఎట్లు వచ్చినది అని యడిగినచో చెప్పగలవారు కొలదిమంది మాత్రమే. పట్టాలో వ్రాసియున్న రకబాను నమ్ముట ఒకటి, దానిని తానే సరిచూచుకొనగలుగుట మఱియొకటి. పొలము కొనునపుడును, అమ్మునపుడును, అన్నదమ్ములు పంచుకొనునపుడును, కౌలునకిచ్చునపుడును, విత్తనము ఎరువు లెక్కించుకొనునపుడును ఈ జ్ఞానము లేనివాడు పరుల నోటిమాటపై ఆధారపడవలసియుండును.

నలుచదరముగానున్న మడికి నిడివిని వెడల్పుచే గుణించిన చాలును. కాని చెరువు క్రిందనైనను, వాగు ఒడ్డుననైనను, గుట్ట ప్రక్కననైనను ఉండు పొలములు అట్లుండవు. అట్టి పొలములను కొలుచుటకు గొలుసు, కొన్ని మేకులు, ఒక కాగితము, కూడిక తీసివేత గుణకారములు తెలిసిన మనుష్యుడు ఉన్న చాలును. అంతకు మించిన విద్య అక్కఱలేదు.

1. కొలతల పట్టిక

హైదరాబాదు సంస్థానపు సర్వే బొంబాయి పద్ధతి ననుసరించి జరిగినది. ఆ పద్ధతిలో గొలుసు పొడవు 33 అడుగులు. దానికి 16 అణాలు; ఒక్కొక్క అణా 2 అడుగుల ముప్పాతిక అంగుళము. ఒక గొలుసు నిడివి, ఒక గొలుసు వెడల్పు గల చదరము ఒక గుంట. అనగా 1089 చదరపు అడుగులు, లేక 121 చదరపు గజములు. 40 గుంటలు ఒక ఎకరము. ఈ పద్ధతిలోని సౌకర్యమేమనగా, కొలతలన్నియు గొలుసులలో వ్రాసికొనినచో లెక్క ముగియగానే వచ్చిన సంఖ్యయే గుంటలు. వేఱుగా మార్చవలసిన పనిలేదు.

మద్రాసు రాజధానికి చెందియుండిన తెలుగు జిల్లాలలో గంటరు గొలుసు వాడుకలో నుండెను. దీనిని 1620 ప్రాంతమున ఎడ్మండ్ గంటర్ అను ఆంగ్ల గణితజ్ఞుడు ఏర్పఱచెను. దాని పొడవు 66 అడుగులు, లింకులు 100. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. ఎకరములో నూఱవ పాలు ఒక సెంటు. రెండున్నర సెంట్లు ఒక గుంట. మీటర్ల లెక్కలో గుంట సుమారు 101 చదరపు మీటర్లు. హెక్టారు సుమారు 2 ఎకరముల 19 గుంటలు.

ఈ వ్యాసములోని లెక్కలన్నియు 33 అడుగుల గొలుసుతో చేయబడినవి.

2. సరాసరి పద్ధతి వలని నష్టము

పల్లెలలో చిరకాలముగా వాడుకలోనున్న పద్ధతి యొకటి కలదు. ఎదురెదురుగానున్న రెండు ప్రక్కలను కూడి సగము చేయుదురు. తక్కిన రెండు ప్రక్కలను అట్లే కూడి సగము చేయుదురు. ఆ రెండు సగములను గుణించి, వచ్చినదే విస్తీర్ణమందురు. ఇది మిక్కిలి ప్రాచీనమైనది. బ్రహ్మగుప్తుడు క్రీ. శ. 628లో రచించిన గ్రంథమున దీనిని చెప్పుచు, ఇది స్థూలఫలమే గాని సూక్ష్మఫలము కాదని వేఱుపఱచెను. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడును వ్యావహారిక ఫలము వేఱు, సూక్ష్మఫలము వేఱు అని గణితసారసంగ్రహమున విభజించెను. పదునొకండవ శతాబ్దిలో పావులూరి మల్లన తెనిగించినది ఈ గ్రంథమునే. చతుర్భుజమునకు కర్ణమైనను లంబమైనను తెలియక ఫలము నిర్ణయింపరాదని భాస్కరాచార్యుడు 1150లో లీలావతియందు గట్టిగా హెచ్చరించెను. పెద్దలు ఇంతగా చెప్పినను స్థూలఫలమే నేటికిని అనేక బేరములలో నిజమైన ఫలముగా చెల్లుచున్నది.

నాలుగు ప్రక్కల కొలతలు మాత్రమే తెలిసిన విస్తీర్ణమెందుకు తెలియదో నులకమంచపు చట్రమును చూచిన బోధపడును. చట్రము బిగువుగానున్నపుడు నాలుగు మూలలును మట్టముగా నుండును. బిగువు సడలి ఒక ప్రక్కకు ఒరిగినపుడు నాలుగు కఱ్ఱల పొడవును మాఱలేదు. కాని లోపలి చోటు తగ్గినది. ఒరిగినకొలదియు తగ్గుచునేయుండును. పొలమును అట్లే. మూలలు నాలుగును మట్టముగానున్నపుడు మాత్రమే సరాసరి పద్ధతి సరియైన ఫలమిచ్చును. మఱి ఏ చతుర్భుజమునందైనను అది ఎక్కువ చూపును. తక్కువ చూపుట ఎన్నడును లేదు. కావున దీనివలన నష్టపడువాడు ఎల్లప్పుడు కొనువాడే.

ఒక ఉదాహరణము చూడుడు. ఒక పొలమునకు మూలలు క, ఖ, గ, ఘ. క నుండి ఖ వఱకు 17 గొలుసులు, ఖ నుండి గ వఱకు 5, గ నుండి ఘ వఱకు 17, ఘ నుండి మరల క వఱకు 13. సరాసరి పద్ధతిలో 17ను 9చే గుణింపగా 153 గుంటలు, అనగా 3 ఎకరముల 33 గుంటలు వచ్చును. దీని నిజమైన విస్తీర్ణమెంతయో క్రింది పద్ధతిచే తేల్తము.

3. ఒక్కొక్క మూలకు రెండేసి కొలతలు

పొలము హద్దులలో తిన్ననిదియు నిడివైనదియునగు ప్రక్కను ఆధారరేఖగా గ్రహింపవలెను. దాని మొదటి హద్దురాయిని మొదలుగా పెట్టుకొనవలెను. పిమ్మట ఒక్కొక్క మూలకు రెండు కొలతలు తీయవలెను. మొదటిది, ఆధారరేఖ వెంబడి ఎంత దూరము పోయిన ఆ మూలకు ఎదురుగా నిలువగలమో ఆ దూరము. రెండవది, అచ్చటనుండి మట్టముగా మూలకు గల దూరము. ఆధారరేఖ పడమటినుండి తూర్పునకున్నదనుకొనిన, మొదటిదానిని తూర్పు కొలత యనియు, రెండవదానిని ఉత్తరపు కొలత యనియు పిలువవచ్చును. గణిత గ్రంథములలో ఈ జంటకే నిరూపకములని పేరు. ఈ జంట తెలిసినచో పొలము చూడనివాడుకూడ గళ్ల కాగితముపై ఆ మూలను తప్పక గుర్తింపగలడు. ఆధారరేఖ సరిగా తూర్పు పడమరలుగా నుండవలెనను నియమము లేదు. పేర్లు మాత్రమే అట్లు పెట్టుకొంటిమి.

మట్టపు కోణము తెలిసికొనుటకు సర్వేవారియొద్ద అడ్డకఱ్ఱ యుండును. అది లేనివారు సాగని త్రాటిని తీసికొని, పండ్రెండు సమభాగములుగా ముడులు వేసి, మూడు, నాలుగు, అయిదు భాగముల త్రికోణముగా బిగించి పట్టినచో మూడు నాలుగు భాగములు కలియుచోట సరియైన మట్టపు కోణమేర్పడును.

పై పొలమునకు కఖ ప్రక్కయే ఆధారరేఖ. మూలల కొలతలు ఇట్లు వచ్చినవి.

క: తూర్పు 0, ఉత్తరము 0.
ఖ: తూర్పు 17, ఉత్తరము 0.
గ: తూర్పు 20, ఉత్తరము 4.
ఘ: తూర్పు 5, ఉత్తరము 12.

గ మూల ఖ రాయి కంటె మూడు గొలుసులు ముందునకు పోయినది. అట్టిచో ఆధారరేఖను రాయి దాటి పొడిగించి కొలువవలెను.

ఈ కొలతలు సరిగా తీయబడినవో లేదో ఇచ్చటనే సరిచూచుకొనవచ్చును. గ ఘ మూలల తూర్పు కొలతల భేదము 15, ఉత్తరపు కొలతల భేదము 8. వాని వర్గములు 225, 64, మొత్తము 289. దీని వర్గమూలము 17. నేలమీద గఘ ప్రక్కను గొలుసుతో కొలిచినను 17 వచ్చినది గాన కొలతలు సరి. ఇట్లే ఖగ ప్రక్కకు 3, 4ల వలన 5, ఘక ప్రక్కకు 5, 12ల వలన 13 వచ్చును. తేడా వచ్చినచో లెక్కకు దిగక మరల కొలువవలెను.

4. లెక్క వేయు విధము

మూలలను గట్టువెంట నడచు వరుసలోనే ఒకదాని క్రింద నొకటి వ్రాసి, మొదటి మూలను చివర మరల వ్రాయవలెను. పిమ్మట ప్రతి మూల తూర్పు కొలతను దాని తరువాతి మూల ఉత్తరపు కొలతచే గుణించి, లబ్ధములను కూడవలెను. ఇది మొదటి మొత్తము. మరల ప్రతి మూల ఉత్తరపు కొలతను తరువాతి మూల తూర్పు కొలతచే గుణించి కూడవలెను. ఇది రెండవ మొత్తము. పెద్దదానినుండి చిన్నదానిని తీసివేసి సగము చేసిన విస్తీర్ణము వచ్చును.

మన పొలమునకు:

మొదటి మొత్తము: 0×0 = 0; 17×4 = 68; 20×12 = 240; 5×0 = 0. కూడగా 308.
రెండవ మొత్తము: 0×17 = 0; 0×20 = 0; 4×5 = 20; 12×0 = 0. కూడగా 20.
భేదము 288. సగము 144.

కావున పొలము 144 గుంటలు, అనగా 3 ఎకరముల 24 గుంటలు. సరాసరి పద్ధతి 9 గుంటలు ఎక్కువ చూపినది. 144లో 9 పదునాఱవ పాలు. పూర్వపు నాణెముల లెక్కలో చెప్పవలెనన్న, కొనువాడు ప్రతి రూపాయికి ఒక అణా చొప్పున లేని భూమికి ధర చెల్లించినాడన్నమాట. అంతటితో పోదు. అట్టి తప్పు రకబాతో పంట లెక్కించిన ఎకరపు దిగుబడి తక్కువగా కనబడును. విత్తనమును ఎరువును ఎక్కువ పడును.

ఈ సూత్రమును ఐరోపాలో 1769లో మైస్టరు అను జర్మను పండితుడు వివరించెను. గౌస్ అను మహాగణితజ్ఞుని పేరను ఇది తరువాత ప్రసిద్ధిగాంచెను.

5. ఇది ఎందుకు సరియగును

కారణము తెలియని లెక్క మఱచిపోబడును గాన దానినికూడ చెప్పుచున్నాము. ప్రతి మూలనుండి ఆధారరేఖకు లంబము దించినచో, పొలము పైగట్టుకును ఆధారరేఖకును నడుమ త్రికోణములును, రెండు ప్రక్కలు సమాంతరముగాగల ముక్కలును ఏర్పడును. మన పొలములో 0 నుండి 5 వఱకు త్రికోణము: 5ను 12చే గుణించి సగము చేయగా 30. 5 నుండి 20 వఱకు గల ముక్కకు లంబములు 12, 4, వాని సగటు 8, వెడల్పు 15, ఫలము 120. రెండును కలిసి 150. అయితే ఇందులో ఖ రాయికి ఆవల 17 నుండి 20 వఱకు గల త్రికోణము పొరుగువానిది. దాని ఫలము 3ను 4చే గుణించి సగము చేయగా 6. అది తీసివేయగా 144. రెండు దారులును ఒకే చోటికి చేరినవి. పై సూత్రము ఈ కూడికలను తీసివేతలను తనంతట తానే చేసికొనును. ఏ ముక్క మనది, ఏ ముక్క పొరుగువానిది అని మనము తర్కింపనక్కఱలేదు.

6. లోనికి నొక్కుకొనిపోయిన పొలము

కొన్ని పొలములలో బావియో, బండయో, పొరుగువాని దొడ్డియో మన హద్దులోనికి చొచ్చుకొని వచ్చును. సరాసరి పద్ధతి అచ్చట బొత్తిగా పనికిరాదు. ఈ పద్ధతికి మాత్రము అడ్డులేదు. అయిదు మూలల పొలమొకటి తీసికొందము.

చ: 0, 0. ఛ: 10, 0. జ: 10, 8. ఝ: 6, 5. ట: 2, 9.

ఇందు ఝ లోనికి నొక్కుకొనిన మూల.

మొదటి మొత్తము: 0 + 80 + 50 + 54 + 0 = 184.
రెండవ మొత్తము: 0 + 0 + 48 + 10 + 0 = 58.
భేదము 126, సగము 63. అనగా 1 ఎకరము 23 గుంటలు.

ఝ మూలను విడిచి జ నుండి ట కు తిన్నగా గీచి లెక్కించినచో 77 గుంటలు వచ్చును. ఒక్క మూలను విడిచినందున 14 గుంటల తేడా! కావున మూలలను ఎంతమాత్రము విడువరాదు. వరుస తప్పియు వ్రాయరాదు. ముందు వెనుకలుగా వ్రాసినచో గీతలు ఒకదానినొకటి ఖండించుకొని లెక్క చెడును.

7. వాగు ఒడ్డున వంపు తిరిగిన హద్దు

వాగునకును చెరువు శిఖమునకును మూలలుండవు. అట్టిచో వాగునకు దగ్గఱగా రెండు రాళ్ల నడుమ తిన్నని గీత నేర్పఱచి, ఆ గీతవఱకు గల భాగమును పై పద్ధతిచే కట్టవలెను. గీతకును వాగునకును నడుమగల పట్టీని వేఱుగా ఇట్లు కట్టవలెను. గీతపై సమాన దూరములలో మేకులు పాతి, ప్రతి మేకునుండి వాగు అంచువఱకు లంబము కొలువవలెను.

ఒకచోట గీత 12 గొలుసులు. రెండేసి గొలుసులకు ఒక మేకు చొప్పున ఏడు లంబములు: 2, 3, 4, 4, 5, 3, 1. మొదటిదానిని చివరిదానిని కూడి సగము చేయగా ఒకటిన్నర. నడిమి అయిదింటి మొత్తము 19. రెండును కలిపి ఇరువదిన్నర. దానిని మేకుల నడిమి దూరమగు 2చే గుణింపగా 41 గుంటలు.

ఇంతకంటె సూక్ష్మముగా కావలెనన్న పదునెనిమిదవ శతాబ్దివాడగు సింప్సను పేర ప్రసిద్ధమైన సూత్రము కలదు. మొదటి చివరి లంబముల మొత్తము 3. రెండవ, నాలుగవ, ఆఱవ లంబముల మొత్తము 10, దానికి నాలుగు రెట్లు 40. మూడవ, అయిదవ లంబముల మొత్తము 9, దానికి రెండు రెట్లు 18. అన్నియు కూడగా 61. దానిని 2చే గుణించి 3చే భాగింపగా 40 గుంటలును, ఒక గుంటలో మూడింట రెండు పాళ్లును. ఈ సూత్రమునకు మేకుల నడిమి ఖాళీలు సరిసంఖ్యలో నుండవలెను. ఇచ్చట ఆఱు. మేకులు దగ్గఱదగ్గఱగా పాతినకొలదియు లెక్క నిజమునకు దగ్గఱయగును.

8. అన్నదమ్ముల పంపకము

విస్తీర్ణము తెలిసినంత మాత్రమున పంపకము కాదు. గట్టు ఎచ్చట వేయవలెనో తెలియవలెను. మొదటి పొలము 144 గుంటలు ఇద్దఱు అన్నదమ్ములకు సమముగా రావలెననుకొనుడు. ఒక్కొక్కరికి 72. ఘ రాయినుండి ఆధారరేఖమీదికి గట్టు వేయదలచిరి. ఆ త్రికోణమునకు ఎత్తు 12 గొలుసులు. 72ను రెట్టింపు చేసి 12చే భాగింపగా 12. కావున క రాయినుండి ఆధారరేఖవెంట 12 గొలుసులు కొలిచి అచ్చట రాయి పాతి, ఘ నుండి దానికి గట్టు వేసినచో పడమటి భాగము 72 గుంటలు. తూర్పు భాగమునకు మూలలు 12, 0, 17, 0, 20, 4, 5, 12. పై సూత్రముచే కట్టినచో దానికిని 72 గుంటలే వచ్చును. కఖ గట్టు నడిమిభాగము ఎనిమిదిన్నర గొలుసుల వద్ద నున్నది. అచ్చట గట్టు వేసియుండినచో ఒకరికి 51 గుంటలు, మఱియొకరికి 93 గుంటలు వచ్చియుండును. తరతరముల తగవునకు అంత తేడా చాలదా? నేల గుణము, నీటి వసతి వేఱువేఱుగానున్నచో వానినికూడ గమనించి సరిచేసికొనవలెను. అది లెక్కకు మించిన పెద్దమనుష్యుల పని.

9. కొలుచునపుడు జాగ్రత్తలు

గొలుసును ముందుగా పరీక్షింపవలెను. చిరకాలము వాడిన గొలుసు సాగును. నాలుగు అంగుళములు సాగిన గొలుసుతో కొలిచి 100 గుంటలు వచ్చినచో నిజముగా అచ్చట సుమారు 102 గుంటలున్నవి, అమ్మువాడు నష్టపడును. గొలుసు అంతే కుఱుచయైనచో 98 గుంటలే యున్నవి, కొనువాడు నష్టపడును. పొడవులో వచ్చిన తప్పు విస్తీర్ణములో రెట్టింపగును.

వాలు నేలపై గొలుసును నేలకు ఆనించి కొలువరాదు. మట్టముగా పట్టి, మెట్లు మెట్లుగా దిగవలెను. ఏడడుగులకు ఒక అడుగు వాలున్నచో నేలవెంట కొలిచిన పొడవు నూటికి ఒకటి చొప్పున ఎక్కువ వచ్చును.

పొరుగు పట్టాదారుని ఎదుటనే కొలువవలెను. కొలతలు అక్కడికక్కడ సిరాతో వ్రాసి, ఇరువురును చూచుకొనవలెను.

హైదరాబాదు సంస్థానపు సర్వేలో తయారైన తిప్పన్‌లయందును, మద్రాసు పద్ధతి ననుసరించిన ఎఫ్.ఎం.బి. పటములయందును ఆధారరేఖయు లంబములును అంకెలతో చూపబడియుండును. ఈ వ్యాసము చదివినవారు వాని నకలును తెప్పించుకొని తమంతట తామే రకబా కట్టి చూడవచ్చును.

10. నేటి యంత్రములు

ఇప్పుడు ఉపగ్రహముల సాయముతో మూలల స్థానమును తెలుపు యంత్రములు సర్వేలో వాడుకలోనికి వచ్చినవి. అవి ఇచ్చునదికూడ తూర్పు కొలత, ఉత్తరపు కొలతల జంటయే. లోపల జరుగు లెక్క పైన చెప్పినట్టిదే. సర్వే యంత్రము సెంటీమీటర్ల వఱకు తెలుపును. చేతిఫోను అంత సూక్ష్మముగా తెలుపజాలదు. కొన్ని మీటర్లు తప్పుట సామాన్యము. ఎకరపు చదరమునకు ప్రక్క సుమారు 64 మీటర్లు. ఒక్క గట్టున మూడు మీటర్లు తప్పినచో దాదాపు రెండు గుంటలు తేడా వచ్చును. కావున ఫోను లెక్కను అంచనాకే వాడవలెను. అక్షాంశ రేఖాంశముల డిగ్రీలను నేరుగా ఈ సూత్రములో వేయరాదు. భూమధ్యరేఖకు దూరమగుకొలది రేఖాంశపు డిగ్రీ కుఱుచయగును గాన వానిని ముందుగా మీటర్లలోనికి మార్చవలెను.

రైతు తాను వేసికొనిన లెక్క తన తెలివికొఱకే. హద్దు తగవులలో చెల్లునది సర్వే అధికారి కొలతయే. అయినను తన లెక్క తనయొద్ద నున్నవాడు అధికారి యెదుట తప్పు ఎచ్చటనున్నదో చూపగలడు, సరియైనదానిని సమ్మతింపగలడు. లెక్క లేనివాడు రెండును చేయలేడు. కావున ప్రతి పట్టాదారుడును కోతలు ముగిసి పొలము ఖాళీగానున్న దినములలో ఒకసారి తన పొలమును ఇట్లు కొలిచి, మూలల కొలతలను పట్టా కాగితములతోపాటు భద్రపఱచుకొనవలెను. ఇంటిలో చదువుకొనుచున్న పిల్లలచేతనే గుణకారములు చేయించినచో వారికిని పొలము హద్దులు తెలియును.